తోడొచ్చినోళ్ల కుర్చీ

ఆపా పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేనొక ముసలవ్వ చెయ్యికి బీపీ పట్టీ కట్టి ఉన్న. గాలి కొట్టుడు అయ్యింది, చూసుడు అయ్యింది, రాసుడు కూడ అయ్యింది. పట్టీ మాత్రం ఇప్పలే. అవ్వ జరసేపు ఓపిక పట్టి, "బిడ్డా, నా చెయ్యి నాకిస్తవా, ఇంటికాడ బర్రె అరుస్తుంటది" అన్నది. నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి. పని అయిపోయినా పట్టీ ఇప్పకుండ ఉంచుడు నాకు నేర్పిందే ఆపా.

మా దవాఖాన పెద్ద నర్సు ఆమె. పేరు నేను రాయ. పేరు పెట్టి పిలిచినోళ్లు మా దవాఖానల ఎవ్వలూ లేరు. డాక్టర్ సారుకూ ఆపానే, గేటుకాడ చాయ్ అమ్మేటాయనకూ ఆపానే. ఊర్ల అవ్వలైతే అది సాలదన్నట్టు ఇంకో అమ్మను జోడించి "ఆపమ్మా" అనేటోళ్లు. అక్క, అమ్మ రెండు వరుసలు కలిపి పిలిస్తే రెండింటికీ పలికేది.

నాది జనగామ దిక్కు, రఘునాథపల్లి. నర్సు చదువు అయిపోయినంక నన్ను టేకుమట్ల మండలంల ఒక ఊరి దవాఖానకు ఏసిండ్రు. మ్యాపుల చూస్తే ఇంతే దూరం. బస్సులల్ల పోతే ఇంకేదో రాజ్యానికి పోతున్నట్టుండె. దిగి డ్యూటీల చేరంగనే నేను ఎవరో వచ్చిన పెద్దమనిషిని "నమస్కారమండి, కూర్చోండి, మీ సమస్య ఏమిటి" అని అడిగిన. కాలేజీల మా మాటను చూసి నవ్వేటోళ్లు, అందుకని గట్ల మాట్లాడుడు అలవాటు చేసుకున్న. ఆ పెద్దమనిషి నా మొకం చూసి, ఎనుకకు తిరిగి ఆపాను చూసిండు. ఆపా పక్కగది తలుపుల నిలబడి, "అరే బేటా, ఎవలతోని మాట్లాడుతున్నవ్, టీవీతోనా?" అన్నది. గదీ మా మొదటి ముచ్చట. నాకు మస్తు కోపమొచ్చింది. సాయంత్రందాక మాట్లాడలే. ఆమెకు నా కోపం పట్టనే పట్టలే.

సన్నటి మనిషి. తెల్ల కోటు జేబుల ఎప్పుడూ లవంగాలు. పన్ను నొప్పి ఉన్నా లేకున్నా ఒకటి నోట్ల ఏసుకునేది. కండ్లద్దాలకు ఎర్ర దారం కట్టి మెడల ఏసుకునేది, అయినా "నా అద్దాలేడ" అని దవాఖానంత ఎతికిపిచ్చేది. షుగర్ బీమారి ఉండె. రోగులకు "తీపి ముట్టుకోవద్దు" అని గద్దించి, జిలేబి పొట్లాన్ని దూది డబ్బ ఎనుక దాసుకునేది. ఒకరోజు పట్టుకున్న. "నర్సుకు తెల్వదా ఏది ఎంత తినాలెనో" అని నన్నే గదమాయించింది. "తెలిసి తినుడే పెద్ద తప్పు" అన్న. "హౌ, తప్పే. నువ్వొకటి తిను, సగం తప్పు నీకు" అన్నది.

గిసోంటి మనిషికి ఒక పని అప్పజెప్పిండ్రు. బీపీ, షుగర్ చూసినట్టే మనిషి మనసు ఎట్లున్నదో సుత నర్సులే ముందుగాల అడగాలె, అనుమానం ఉంటే డాక్టర్‌కు పంపాలె అని పైనుంచి ఆర్డరొచ్చింది. అడిగేటి ప్రశ్నలు అచ్చు కొట్టి పంపిండ్రు. "గడిచిన కొన్ని వారాలుగా మీరు నిరుత్సాహమునకు లోనవుతున్నారా?" అని ఉండె. నేను అది సదివి వినిపిస్తే మనుషులు "ఉండది బిడ్డా, మాకు గసోంటివి ఉండయి" అనేటోళ్లు. ఉత్సాహమున్నోళ్లూ అదే మాట, పిడుగు వడ్డోళ్ల లెక్క కూసున్నోళ్లూ అదే మాట.

ఆపా ఆ కాయితం మొత్తం సదివి, "ప్రశ్నలు మంచియే. నోరే మనది కాదు" అన్నది. ఆమె అడిగేది: "నిద్ర పడ్తుందా? అన్నం సయిస్తుందా? ఏమన్న రంది, దిగులు పెట్టుకున్నవా? నలుగుట్ల కూసోబుద్ధి అయితుందా, ఎవ్వలన్న వస్తే లోపటికి పోబుద్ధి అయితుందా?" సర్కారు అడగమన్న సంగతులే, ఒక్కటి కూడ ఇడిసిపెట్టలే. కని ఆమె అడుగుతుంటే కట్టమీద కూసొని ముచ్చట వెట్టినట్టే ఉండేది.

ముందుగాల ఆమె చేసిన పని టేబుల్‌ను గోడకు నూకుడు. "టేబుల్ అవుతల కూసుంటే పోలీస్ స్టేషన్ లెక్కుంటది" అన్నది. రెండు కుర్చీలు పక్కపక్కన ఏసేది, బస్సు సీటు లెక్క. మొకంల మొకం పెట్టి అడిగితే మగోళ్లు చెప్పరని ఆమె లెక్క. పక్కన కూసొని ఇద్దరూ కిటికీల నుంచి బయటి చింతచెట్టు దిక్కు చూసుకుంట మాట్లాడాలె. చెయ్యికి పట్టీ కట్టి, చూసినంక సుత ఇప్పకుండ ఆ చెయ్యిని ఒళ్లె పెట్టుకొని కూసునేది. "పట్టీ కట్టినంక ఎవ్వలూ లేసి పోరు బేటా. ఇంకా ఏదో చూస్తున్నరనుకుంటరు. నేను చూస్తనే ఉన్న గద" అనేది.

ఇగ రెండోది, తోడొచ్చినోళ్ల సంగతి. మా దిక్కు దవాఖానకు ఒంటిగ ఎవ్వలూ రారు. జ్వరమొచ్చినోనితోని ఒకలు, కాలు నొచ్చినామెతోని ఇద్దరు. బీమారున్నోళ్ల కంటె తోడొచ్చినోళ్లే ఎక్కువ మాట్లాడుతరు. ఒకసారి ఒక అత్త కోడల్ని తీస్కొచ్చింది. బాలెంత పిల్ల, నేల చూపులు చూస్తుంది. "నిద్ర పడ్తుందా బిడ్డా" అంటే అత్త "మంచిగ పడ్తది" అన్నది. "అన్నం తింటున్నవా" అంటే అత్త "నేను దగ్గరుండి పెడ్త" అన్నది. ఆపా లేసి, అత్త చెయ్యి పట్టి పక్క కుర్చీల కూసోబెట్టి, ఆమెకు పట్టీ కట్టి, నోట్ల థర్మామీటర్ పెట్టింది. "ఇది తీసేదాక మాట్లాడొద్దు అక్కా, జ్వరం తప్పు చూపిస్తది." అత్త నోరు మూసుకొని కండ్లు పెద్దగ చేసుకొని కూసున్నది. అప్పుడు కోడలు నోరిప్పింది. పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోబుద్ధి అయితలేదని చెప్పింది, ఏడ్సింది. థర్మామీటర్ తీసినంక అత్త ఏమంటదో అని నేను భయపడ్డ. ఆమె సుత కండ్లు తుడుచుకొని, "నాకు సుత మొదటి కాన్పుకు గట్లనే ఉండె ఆపమ్మా, నన్ను దయ్యం పట్టిందన్నరు" అన్నది. ఆ ఇద్దరినీ డాక్టర్ సారు కాడికి పంపినం.

గప్పటి సంది మా దవాఖానల గది పద్ధతి అయ్యింది. తోడొచ్చినోళ్లకు సుత కుర్చీ, వాళ్లకు సుత పట్టీ. "రోగం వచ్చినోళ్లను ఎట్లయినా ఎవలో ఒకలు చూస్తరు. తోడొచ్చినోళ్లను ఎవలు చూస్తరు?" అనేది.

ఇన్ని నేర్చుకున్న కని ఒక్కటి నాతోని కాలే. ప్రశ్నలల్ల ఆఖరిది. సచ్చిపోవాలని అనిపిస్తుందా అని మనిషిని సక్కగ అడగాలె. ఎట్ల అడగాలె చెప్పుండ్రి? మా ఇండ్ల బీమారున్నోళ్ల ముంగట చావు పేరే ఎత్తరు. ఎవలన్న నోరు జారితే మా అమ్మ "థూ, నీ నోట్లె మన్నువడ" అని ఉప్పు దిప్పి పారేసేది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు, ఏదంటే అదే అయితదని చిన్నప్పటి సంది విన్న. ఆ ప్రశ్న కాడికి రాంగనే నేను కాయితం మడుస్తుంటి. ఆపా దిక్కు చూస్తుంటి. ఆపా అందుకొని అడిగేది. "అన్నం తిన్నవా" అన్న గొంతుతోనే అడిగేది, ఇసుమంత తేడా లేకుండ.

పత్తి ఏరే దినాలల్ల ఒక ఆలుమగలు వచ్చిండ్రు. ఆమెకు తలకాయ నొప్పి. ఆయన నడీడు మనిషి, మంచిగ నవ్వుకుంట మాట్లాడుతుండు. ఆమెకు ఎప్పటిసంది నొప్పో, ఏం తింటే ఎక్కువైతదో అంత ఆయనే చెప్పిండు. "మంచి మందులు రాయిపియ్యమ్మా, చానా దినాలు ఆమె పానం మంచిగుండాలె" అన్నడు. ఆమె సుత మురిసిపోయింది. "ఇంతకుముందు ఒకటే కోపముండె సిస్టరమ్మా. వానకు పత్తి తడిసిన కాడి సంది ఎవ్వలతోని మాట్లాడకుండె. ఈ నాలుగొద్దుల సంది మస్తు నెమ్మదైండు. నాకు పని తగ్గాలని బర్రెను సుత మా తమ్మునింటికి తోలిచ్చిండు. కూలోళ్లకు కైకిలి పైసలు ఎవ్వలికెంత ఇయ్యాల్నో నాకు చెప్పిండు" అన్నది. ఎంత మంచి మొగడు అనుకున్న నేను. నా పెండ్లిచూపులు నడుస్తున్న దినాలు, గిసోంటోడు దొరకాలె అని సుత అనుకున్న.

ఆపా నోట్ల లవంగం నములుడు ఆపింది.

"అక్కా, నువ్వు డాక్టర్ సారు కాడ కూసో, నీ పేరు పిలుస్తరు" అని ఆమెను పంపింది. ఆయన సుత లేసిండు. "నువ్వు కూసో అన్నా" అన్నది.

"నాకేం లేదమ్మా, నేను తోడొచ్చిన."

"తోడొచ్చినోళ్లకే ముందుగాల చూస్త నేను."

ఆయన నవ్వి కూసున్నడు. చెయ్యి సాపిండు. పట్టీ కట్టి, గాలి కొట్టి, చూసింది. ఇప్పలే.

"బర్రెను ఎందుకు తోలిచ్చినవ్ అన్నా?"

"మేపుడైతలేదమ్మా."

"నిద్ర పడ్తుందా?"

"పండుకుంట."

"పండుకుంటవ్ సరే. పడ్తుందా?"

ఆయన కిటికీల నుంచి చింతచెట్టు దిక్కు చూసిండు. ఆపా సుత అటే చూసింది. జరసేపు ఇద్దరూ బస్సుల పోతున్నట్టే కూసున్నరు. అప్పుడు అడిగింది, ఆ మాటనే, ఆ గొంతుతోనే.

"సచ్చిపోవాలని అనిపిస్తుందా అన్నా?"

నేను గోడకు ఆనుకున్న. తథాస్తు దేవతలు యాదికొచ్చిండ్రు. ఆయన కొడ్తడో, తిడ్తడో అనుకున్న. ఆయన చెయ్యికున్న పట్టీని చూసుకుంట, "హౌ ఆపమ్మా" అన్నడు.

"ఎప్పుడని ఏమన్న అనుకున్నవా?"

"ఈమె తలనొప్పి తగ్గినంక. గప్పటి సంది ఒక్కతే ఉంటది గద. పానం మంచిగుండాలె అని తీస్కొచ్చిన."

ఆపాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, నేను చూసిన, కని గొంతు మారలే. "చెప్పినవ్. మంచిగైంది" అన్నది. అప్పుడు పట్టీ ఇప్పి, అచ్చు వడ్డ కాడ బొటనేలితోని రుద్దింది. "ఈ మాట నేను దాయ అన్నా. దాస్తనంటే అబద్ధమైతది. డాక్టర్ సారుకు చెప్త, నీ ఇంటామెకు నువ్వు చెప్పు. చెప్పరాకపోతే నేను పక్కన ఉంట" అన్నది.

ఆయనే చెప్పిండు. ఆమె ఆయన భుజం మీద గుద్ది గుద్ది ఏడ్సింది. "బర్రెను తోలిచ్చినప్పుడే నాకు తెల్వాలె" అన్నది. డాక్టర్ సారు బయట లైన్ల ఉన్నోళ్లను ఆపి, తలుపేసి, చానాసేపు మాట్లాడిండు. ఇంట్ల, బాయికాడ ఉన్న పురుగుల మందంత ఆ రోజే ఆమె తమ్ముడు తీస్కపోయి తాళమేసుకోవాలని చెప్పి, ఆ తమ్ముణ్ని దవాఖానకే పిలిపిచ్చిండు. భూపాలపల్లి పెద్ద దవాఖానల మనసు డాక్టర్‌తోని ఫోన్ల మాట్లాడి బండి పెట్టిచ్చిండు. బండి కదిలేటప్పుడు చూస్తే ఆపా ఆలుమగల పక్కన కూసొని ఉన్నది. "నువ్వెందుకు ఆపా?" అన్న. "తోడు" అన్నది. బండి గేటు దాటంగ తలకాయ బయటపెట్టి, "నా టిఫిన్ల రొట్టెలున్నయి, తిను, పాడు చెయ్యకు" అని అరిచింది.

నేను తినలే. గేటు దిక్కు చూసుకుంట కూసున్న.

ఆయన బతికిండు. మందులు ఏసుకున్నడు. నడుమ ఒకసారి ఆపేస్తే ఆపా తిట్టి మళ్ల మొదలు వెట్టిచ్చింది. బర్రె తిరిగొచ్చింది. అది ఈనినంక జున్నుపాలు తెచ్చిచ్చిండు. షుగరున్న మనిషి, బెల్లమేసి జున్ను వండుకొని తిన్నది. ఏమనాలె?

తర్వాత ఒక మాపటీలి రోగులు పోయినంక, నేను కడుపుల ఉన్నది అడిగేసిన. "ఆపా, గట్ల అడిగితే లేని ఆలోచన మనమే పుట్టిచ్చినట్టు కాదా?"

"ఆకలైతుందా అని అడిగితే లేని ఆకలి పుడ్తదా? ఉన్నోడు ఉన్నదంటడు, లేనోడు లేదంటడు. అడగకపోతే ఉన్నోడు సుత పస్తు పంటడు" అన్నది. కోటు చెయ్యి మీదికి మలిచి, ముంజెయ్యి నా ఒళ్లె పెట్టింది. "కట్టు. నన్ను అడుగు."

"నిన్నా?"

"హౌ. నన్నే. నాకు చెవులున్నయి, అడుగు."

పట్టీ కట్టిన. నిద్ర, అన్నం, రంది అన్నీ అడిగిన. ఆఖరిది వచ్చేసరికి గొంతు దిగింది. పక్కింటోళ్ల గుట్టు అడిగినట్టు మెల్లగ, "ఆపా, సచ్చిపోవాలని… ఎప్పుడన్న…" అన్న.

ఆట పట్టిస్తదనుకున్న. పట్టీ దిక్కు చూసి చెప్పింది. "ఇప్పుడు లేదు బేటా. ఒకప్పుడు ఉండె. మా ఆయనకు కిడ్నీలు పోయి వరంగల్ దవాఖానల ఉన్నప్పుడు నేను మంచం పక్కన స్టూలు మీద ఉంటి. వచ్చినోళ్లంత ఆయనకెట్లున్నది అని అడుగుదురు. నేను జెప్పుదును. ఆయన పోయినంక ఇంటికొచ్చిండ్రు, చాయ్ తాగిండ్రు, సబర్ కరో ఆపా, ఓర్సుకో అన్నరు, పోయిండ్రు. నాకు గప్పుడు సచ్చిపోవాలని మస్తుసార్లు అనిపిచ్చింది. ఒక్కలంటే ఒక్కలు అడగలే. నర్సును గద, నాకేమైతది?"

"మరెట్ల బయటపడ్డవ్?"

"మా చెల్లె వచ్చి నా పక్కల పండుకునేది. అది సుత అడగలే. కని పోలే."

ఆమెనే పట్టీ ఇప్పుకొని, మడత పెట్టి నా చేతుల పెట్టింది. "అడిగినవ్, మంచిగైంది. కని గొంతెందుకు దించినవ్? నువ్వు గొంతు దించితే అది సిగ్గుపడే మాటనుకుంటరు. లేదంటరు. నేను సుత గప్పుడు ఎవలన్న గట్ల గొంతు దించి అడిగితే లేదనే అంటుంటి."

కొన్నాళ్లకు ఆమె రిటైరై మానుకోటకు పోయింది, చెల్లె ఇంటికి. మహబూబాబాద్ అని బోర్డు మీద ఎంత పెద్దగ రాసినా ఆమెకు అది మానుకోటనే. ఆమె గది నాకొచ్చింది, ఆ రెండు కుర్చీలొచ్చినయి. ఫోన్ చేసేది. బాగున్నవా లేదు, ఏం లేదు, ఎత్తంగనే "అడుగుతున్నవా?" అనేది.

"అడుగుతున్న ఆపా."

"గొంతు?"

నేను మాట్లాడకపోతుంటి. "దించుతున్నవ్" అని నవ్వేది.

అబద్ధమెందుకు, దించుతనే ఉన్న. అడుగుడైతే అందరినీ అడుగుతున్న. నిద్ర లేనోళ్లను, అన్నం సయించనోళ్లను డాక్టర్ కాడికి పంపుతనే ఉన్న. కని ఆ ఆఖరి ప్రశ్నకు నా కాడ హౌ అన్నోళ్లు ఒక్కలు లేరు. ఆపా కాడ అందరూ చెప్పిండ్రు, నా కాడ ఎవ్వలూ చెప్తలేరు. మా ఊర్లన్నీ సల్లగున్నయా? లేవు, నాకు తెల్వదా. నా గొంతు వినంగనే వాళ్లు మాటను లోపటికి మింగుతుండ్రు. ఎవడన్న మింగి ఇంటికి పోతే, ఆ ఇంట్ల తాళమేసేటోళ్లు లేకపోతే? గీ భయంతోనే నేను ఆపా ఫోన్ ఎత్తాల్నంటే జర జంకుతుంటి.

ఇగ ఆ ఫోన్ రాదు.

మానుకోట పోయిన. నేను పోయేసరికి మట్టి అయిపోయింది. ఇంట్ల ఆడోళ్లు చాప మీద కూసొని ఖురాన్ చదువుతుండ్రు. ఆమె చెల్లె నన్ను చూడంగనే పక్కన జాగ చేసింది. అచ్చం ఆపా లెక్కనే ఉన్నది, జర లావు. "దవాఖానల ఉన్నప్పుడు నేను రాత్రి పగలు పక్కన ఉన్న" అన్నది. "చేతికి సూదులు, మొకానికి పైపులు. మాట వచ్చినప్పుడల్ల నన్నే అడిగేది. తిన్నవా, నిద్రవోయినవా. ఆఖరికి ఒకదినం ఏమడిగిందనుకున్నవ్? నేను పోయినంక నీకు సుత సచ్చిపోవాలనిపిస్తే ఎవలకు చెప్తవ్ అన్నది. గిదేం మాట ఆపా, తోబా తోబా అన్న. ఇడిసిపెట్టలే. నీకే చెప్త, నువ్వు పోకు అన్న. నవ్వింది." గంత చెప్పి చెంగు నోట్ల పెట్టుకున్నది. నేను ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న. ఆ పూట అట్లనే కూసున్న, చాయ్ తాగి లేసి పోబుద్ధి కాలే. పోయేటప్పుడు నా ఫోన్ నంబర్ ఇచ్చి, "గసోంటి మాట ఉంటే నాకు చెప్పక్కా" అన్న. అది సుత మెల్లగనే అన్న.

ఇగ మొన్నటి సంగతి.

పొద్దుగాల లైన్ల ముందట ఆ పత్తి మనిషి ఉన్నడు. బర్రె తోలిచ్చినాయన. మీసం నెరిసింది, ఒళ్లు చేసిండు. "సిస్టరమ్మా, నాకు ఒకటే తలకాయ నొప్పి, కండ్లు తిరుగుతున్నయి" అని మొత్తుకుంట వచ్చిండు. ఆయన ఎనుక ఇంకో మనిషి, భుజం మీద తువ్వాల, చెప్పులు చేతుల పట్టుకొని తలుపుకాడనే నిలబడ్డడు.

పట్టీ కట్టిన. చూసిన. మంచిగున్నది. కండ్లు చూసిన, నాలుక చూసిన. "ఏం లేదు గదనే అన్నా, గుర్రం లెక్కున్నవ్" అన్న.

"మంచిగ చూసినవా?"

"చూసిన."

"మల్లోసారి చూడు. ఈయన మా ఇంటి పక్కాయన సిస్టరమ్మా. నాకు కండ్లు తిరుగుతున్నయంటే పని ఇడిసిపెట్టి వచ్చిండు." రెండో కుర్చీ దిక్కు చూసి, మళ్ల నా దిక్కు చూసిండు. "నాకు తోడొచ్చిండు."

అప్పుడు సమజైంది నాకు. తలకాయ నొప్పి లేదు, పాడు లేదు. ఆ పక్కాయనను రోగి అని తీస్కరావాల్నంటే రాడు, ఏ మగోడొస్తడు గట్ల? తోడు రమ్మంటే వచ్చిండు.

నేను పట్టీ ఇప్పిన. పత్తి మనిషి లేసి, "నేను డాక్టర్ సారు కాడ కూసుంట" అని తనంతట తనే బయటికి పోయిండు.

"కూసో అన్నా" అన్న ఆ రెండో మనిషిని.

"నాకేం లేదమ్మా, నేను తోడొచ్చిన."

"తోడొచ్చినోళ్లకే ముందుగాల చూస్త నేను."

కూసున్నడు. చెయ్యి సాపిండు. చెయ్యి సల్లగున్నది. పట్టీ కట్టి, చూసి, ఇప్పకుండ ఒళ్లె పెట్టుకున్న. ఇద్దరం చింతచెట్టు దిక్కు చూసినం. నిద్ర అడిగిన. "ఆఁ" అన్నడు. అన్నం అడిగిన. "తింటున్న" అన్నడు. రంది అడిగిన. తువ్వాల కొస వేలికి చుట్టుకుంట కూసున్నడు.

ఆఖరిది వచ్చింది. గొంతు దిగబోయింది. ఎప్పటిలెక్కనే దిగబోయింది. నాకు స్టూలు మీద కూసున్న ఆపా యాదికొచ్చింది, అందరూ చాయ్ తాగి పోయినంక ఆ ఇంట్ల ఒక్కతే ఉన్న ఆపా.

"సచ్చిపోవాలని అనిపిస్తుందా అన్నా?"

గట్టిగనే వచ్చింది. అన్నం తిన్నవా అన్నట్టే వచ్చింది. నాకే ఇచ్చంత్రమైంది.

ఆయన నా దిక్కు చూడలే. పట్టీని చూసిండు. దాని మీద రెండో చెయ్యి పెట్టుకున్నడు, ఇప్పద్దన్నట్టు.

"హౌ బిడ్డా" అన్నడు.

గొంతు మళ్ల దిగనియ్యలే. "చెప్పినవ్ అన్నా. మంచిగైంది" అన్న. ఆయన తువ్వాలను మొకానికి అడ్డం పెట్టుకొని ఏడ్సిండు. ఏడ్వనిచ్చిన. పట్టీ ఇప్పలే.

జరసేపటికి తలుపు సందుల నుంచి పత్తి మనిషి తలకాయ పెట్టిండు. లోపట ఏడుస్తున్న పక్కాయనను చూసిండు. "సిస్టరమ్మా," అన్నడు మెల్లగ, "నాకు తలనొప్పి తగ్గింది. నేను పోవాల్నా?"

"యాడికి పోతవ్?" అన్న. "ఆ కుర్చీ ఇట్ల గుంజుకొని కూసో. ఇప్పుడు ఈయనకు నువ్వే తోడు."